రికార్డు వెతకడానికి ముందు ఫర్ లూప్ నేర్పాలా, ఫైండ్ చాలా?

గళ్లనోటు: జావాస్క్రిప్ట్‌లో కాంటాక్టుల అర్రే (రికార్డుల వరస) ఉంది. పేరు ఇస్తే నంబరు రావాలి, ఆ పేరు లేకపోతే ‘దొరకలేదు’ అని రావాలి. కొత్తవాళ్లతో దీన్ని ఒక్కో రికార్డూ వరసగా చూసే ఫర్ లూప్‌తోనే రాయిస్తాను. 2015 నుంచీ ఫైండ్ (షరతుకి సరిపోయే మొదటి రికార్డుని తెచ్చే రెడీమేడ్ ఫంక్షన్) ఉండగా ఇంకా ఈ ఐ ప్లస్ ప్లస్ (ఐ అనే లెక్కని చుట్టుకొకటి పెంచడం) గోల ఎందుకని తోటివాళ్లు అంటున్నారు. మీరేమంటారు?

సూటిదారి: వాళ్లన్నదే కరెక్టు. ఐ అనేది లెంగ్త్ (మొత్తం రికార్డుల సంఖ్య) కన్నా చిన్నదా, సమానం కూడా కావచ్చా అన్న దగ్గరే చాలామంది జారిపడతారు. సమానం పెడితే చివరి చుట్టులో లేని రికార్డులోంచి పేరు చదవబోయి ఎర్రర్ వస్తుంది. ఫైండ్‌తో ఒక్క లైన్లో పనైపోతుంది.

చుట్టుచుట్టు: పనైపోతుంది సరే, అసలు సంగతి తెలియదు. కొత్తవాళ్ల కోడ్ ఎలా ఉంటుందంటే: ఇఫ్‌లో పేరు కలిస్తే నంబరు రిటర్న్, ఎల్స్‌లో ‘దొరకలేదు’ రిటర్న్. రెండూ లూప్ లోపలే! అర్రేలో రవి, లత, సలీం ఉన్నారు. మనకి సలీం కావాలి. ఐ సున్నా, వచ్చింది రవి, కలవలేదు. ఎల్స్‌లోకి వెళ్లి రిటర్న్ అయింది. లూపే కాదు, ఫంక్షనే ముగిసింది. ఐ ఒకటి అవ్వనే లేదు, సలీం మొహం చూడనే లేదు. ‘ఉంది’ అనడానికి ఒక్క రికార్డు చాలు, ‘లేదు’ అనాలంటే అన్నీ చూసి తీరాలి. అందుకే ఆ రెండో రిటర్న్ లూప్ బ్రాకెట్ మూశాకే రాయాలి. ఇది చేత్తో రాస్తేనే బుర్రకెక్కుతుంది.

సూటిదారి: ఫైండ్‌లో ఆ తప్పుకి చోటే లేదు కదండీ!

మూడోకన్ను: ఆ తప్పు పోయి ఇంకోటి వస్తుంది. దొరక్కపోతే ఫైండ్ అన్‌డిఫైన్డ్, అంటే ‘విలువేం లేదు’ అని ఇస్తుంది. చూసుకోకుండా చుక్క పెట్టి నంబరు అడిగితే మళ్లీ అదే ఎర్రర్. ఫైండ్‌కి షరతుగా ఇచ్చే యారో ఫంక్షన్‌కి (బాణం గుర్తుతో రాసే పొట్టి ఫంక్షన్) కర్లీ బ్రాకెట్లు పెట్టి రిటర్న్ మర్చిపోతే ఇంకా ఘోరం, అర్రేలో ఉన్న పేరిచ్చినా అన్‌డిఫైన్డే. ఫర్‌ఈచ్ (ప్రతి రికార్డుకీ మనమిచ్చిన ఫంక్షన్‌ని, అంటే కాల్‌బ్యాక్‌ని, ఒకసారి పిలిచేది) జోలికి మాత్రం అస్సలు పంపకండి. అందులో రిటర్న్ అంటే ఆ ఒక్క కాల్‌బ్యాక్ నుంచి బయటికి రావడమే, వెతకడం ఆగదు.

గళ్లనోటు: పోనీ, ఒక్కో రికార్డునీ నేరుగా చేతికిచ్చే ఫర్ ఆఫ్ లూప్? ఐ గోల ఉండదుగా.

చుట్టుచుట్టు: దానికి నేను సరే. లూప్‌లో మొదటి లైనుగా కన్సోల్ లాగ్‌తో పేరు ప్రింట్ చేయించండి. రవి ఒక్కడే కనబడితే రిటర్న్ ఎక్కడ పెట్టారో వాళ్లే వెతుక్కుంటారు.

సూటిదారి: అలాగైతే ఒప్పుకుంటా. కానీ మర్నాడే ఫైండ్ చూపించాలి, నెలల తరబడి లూపుల్లో తిప్పడం కుదరదు.

చుట్టుచుట్టు: మర్నాడా? ముందు ఆ రిటర్న్ బ్రాకెట్ బయటికి రానివ్వండి.