ఉపగ్రహం చూపే ఎర్రచుక్కని బట్టి గడ్డి కాల్చినవాళ్లకి జరిమానా వేయొచ్చా?

గోదారిగట్టు:
సార్వా (తొలకరి వరి) కోతలయ్యాయి. కోత కోసే చైన్ మిషన్ చేలో వదిలేసిన గడ్డిని పొద్దువాలేసరికి అంటించేస్తున్నారు. అమ్మకి ఉబ్బసం. మూడు రాత్రులుగా మంచం మీద కూర్చునే కునుకు తీస్తోంది. నాసా వాళ్ల మంటల మ్యాపు తెరిస్తే ఊరి చుట్టూ పదకొండు ఎర్రచుక్కలు. ప్రింటు తీసుకెళ్లి ఆఫీసులో ఇస్తే పక్కన పెట్టేశారు. పంజాబ్, హర్యానాల్లో ఉపగ్రహం చూసిన మంటలే లెక్కపెడతారు. అక్కడ 2024 నవంబరులో జరిమానా రెట్టింపు చేశారు, రెండెకరాల లోపు వాళ్లకి కూడా 5,000. ఇక్కడెందుకు వేయరు?

రెండెకరాలు:
ఆ చుక్క ఏంటో తెలుసుకుని మాట్లాడండి. ఆ మ్యాపుకి మంటలు పట్టిచ్చే ఉపగ్రహాల్లో ఉండే వీర్స్ అనే పరికరం నేలని 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది, అంటే ఒక్కో గడి దాదాపు 35 ఎకరాలు. అందులో ఏ మూల మంట లేచినా చుక్క మాత్రం గడి మధ్యలోనే పెడతారు. నిరుడు పక్కచేలో మంటకి చుక్క నా చేను మీద పడింది. నా గడ్డంతా కట్టలు కట్టించి గేదెలకి వేసుకున్నాను, అయినా ఊళ్లో నలుగురూ ఫోన్ చూపించి నన్నే నిలదీశారు.

కొబ్బరాకు:
మా తోట మీద కూడా పడింది, వరే లేదు అక్కడ.

మండపేట మామయ్య:
పొగ కాదండీ బాబూ, ధనుర్మాసం మంచు.

గోదారిగట్టు:
మామయ్యగారూ, మంచు ఉపగ్రహ చిత్రంలో తెల్లగా, అంచు తెగినట్టు కనిపిస్తుంది, ఎండెక్కితే విడిపోతుంది. పొగ నీలం కలిసిన బూడిద రంగులో గాలివాటున సాగుతుంది. దుమ్మైతే ఇసుక రంగు. మంచుకి గొంతు మండదు కదండీ.
రెండెకరాలు గారూ, చుక్కలు ఎక్కువ చూపడం కాదు, తక్కువ చూపుతున్నాయి. ఆ ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఒకటిన్నరకి. ఐదింటికి అంటించి ఏడింటికి ఆరిపోయిన మంట వాటి కంట పడదు.

రెండెకరాలు:
అంటే మధ్యాహ్నం కాల్చినవాడు దొంగ, సాయంత్రం కాల్చినవాడు దొరా?

తణుకు తమ్ముడు:
మన దేశం ఉపగ్రహం ఇన్‌శాట్ రోజంతా చూస్తూనే ఉంటుందిగా?

రెండెకరాలు:
చూస్తుంది తమ్ముడూ, కానీ 36,000 కిలోమీటర్ల పైనుంచి. వేడిని పట్టే దాని గడి 4 కిలోమీటర్లు. అరెకరం మంట దానికి ఆనదు.

మిల్లు పక్కిల్లు:
మిల్లు గొట్టంలోంచి ఊకబూడిద రోజూ మా దండెం మీద బట్టలపై నల్లగా రాలుతుంది. వేలితో తుడిస్తే గీత పడుతుంది. దానికి ఏ చుక్కా లేదు. రైతు మీదే పడతారెందుకు?

గోదారిగట్టు:
మిల్లు సంగతి వేరే టాపిక్ పెట్టండి. ఇక్కడ మనిషికి ఊపిరాడటం లేదు. చలికాలం రాత్రి పొగ పైకి లేవదు, నేలనే పట్టుకుని ఉంటుంది. ఉపగ్రహం నేల నుంచి పైదాకా ఉన్న గాలంతా కలిపి చూస్తుంది కాబట్టి ముక్కు దగ్గర ఎంతుందో అందులో తెలీదు. కాల్చేవాళ్లకి మాత్రం తెలుసు. బద్ధకం, అంతే.

కౌలుగింజ:
ఇంతసేపూ చదివి ఊరుకున్నాను, బద్ధకం అన్నారు కాబట్టి చెబుతున్నాను. కొడవలి కోతల రోజుల్లో గడ్డి మేటెక్కేది. ఇప్పుడు మిషన్ చేనంతా చల్లి పోతుంది, ఊళ్లో పశువులు లేవు. కాలవ నీళ్లు ఆగేలోపు పంట చేతికి రావాలంటే దాళ్వా (రెండో పంట) నాట్లు వెంటనే వేయాలి. కట్టలు కట్టే మిషన్‌కి డబ్బులెవరిస్తారు? కౌలు బస్తాలు కొలిచాక నాకు మిగిలేదెంత? పాస్‌బుక్ దొరది, జరిమానా మాత్రం చేలో దొరికిన నాది. గోదారిగట్టు గారూ, మీ పొలం మీరే చేస్తున్నారా?

గోదారిగట్టు:
దానికీ దీనికీ ఏంటి సంబంధం?

కౌలుగింజ:
చెప్పండి.

గోదారిగట్టు:
నాలుగెకరాలు కౌలుకిచ్చాం. నేను ఉద్యోగం చేసుకుంటున్నాను.

రెండెకరాలు:
ఆ పదకొండు చుక్కల్లో మీ చేను ఉందా?

గోదారిగట్టు:
ఇప్పుడే చూశాను. ఒకటి కాలవ అవతల, మా గట్టు పక్కనే ఉంది. మాదో కాదో గడిని బట్టి చెప్పలేను.

కౌలుగింజ:
ఫోన్ చేసి అడగండి, మీ కౌలుదారు చెబుతాడు. కట్టలు కట్టించిన ఖర్చు కౌల్లో తగ్గిస్తారా, అది కూడా చెప్పండి.

గోదారిగట్టు:
అమ్మని అడగాలి. పొలం ఆవిడ పేరునే ఉంది.