ఈసీజీలో గుండె కొట్టుకోళ్ల మధ్య ఎడాలు సమానంగా లేకపోతే రేటు (నిమిషానికి కొట్టుకోళ్లు) ఎలా లెక్కకట్టాలి?

గుణుపూర్_వార్డు: మెషిన్ 88 అని వేసింది. కాగితం మీద ఆర్ మొనల (ప్రతి కొట్టుకోలుకీ పడే ఎత్తైన మొనల) మధ్య ఒకచోట 3 పెద్ద గడులు, పక్కనే 5. దేన్ని నమ్మాలి?

రాయగడ_ఈసీజీ: ముందు అంచున కాగితం వేగం చూడండి అక్కా. సెకనుకి 25 మిల్లీమీటర్లైతే పెద్ద గడి 0.2 సెకన్లు, చిన్నది 0.04. నిమిషానికి 300 పెద్ద గడులు నడుస్తాయి గనక 300ని ఎడంలోని పెద్ద గడులతో భాగిస్తే రేటు. మొన గీత మీద పడకపోతే 1500ని చిన్న గడులతో భాగించాలి. ఎవరైనా వేగం 50 మీద వదిలేస్తే ఎడాలు రెట్టింపై మీ లెక్క సగానికి పడిపోతుంది. అప్పుడు 600, 3000 వాడాలి.

మీ పేషెంటుకి మాత్రం ఒక్క ఎడం పట్టుకుని లెక్క కట్టొద్దు. కింది పొడవు పట్టీ 25 సెంటీమీటర్లుంటే 10 సెకన్లు. అందులో ఆర్‌లు లెక్కపెట్టి 6తో గుణించండి.

సిరొంచ_నాడి: రేట్ల సగటు మాత్రం తీయకండి. 3 గడులంటే 100, 5 గడులంటే 60, సగటు 80 అనేస్తారు. తప్పు. ఎడాల సగటు 4 గడులు, అంటే 75. ఎడానికీ రేటుకీ ఉన్నది తిరగేసిన లెక్క. 1000 మిల్లీసెకన్ల ఎడం 900 అయితే రేటు 60 నుంచి 67కే వెళుతుంది. 500 నుంచి 400కి తగ్గితే 120 కాస్తా 150. తగ్గింది రెండుచోట్లా అదే 100. అందుకే వేగంగా కొట్టుకునే గుండెకి చిన్న గడి తేడా కూడా వదలకూడదు.

పర్లాకిమిడి_సిస్టర్: రేటు సరే, ఎడం ఎందుకు మారుతోందో చూడాలి. ప్రతి ఆర్ ముందూ పీ అల (చిన్న గుండ్రటి అల) ఉండి, ఊపిరి పీల్చినప్పుడు ఎడం తగ్గి, వదిలినప్పుడు పెరిగితే అది మామూలే, చిన్నవాళ్లలో ఎక్కువ. కాసేపు ఊపిరి బిగబట్టమని మళ్లీ తీయండి, చాలావరకు సర్దుకుంటుంది.

పీ అలలే లేక ఎడాలు ఒక వరసంటూ లేకుండా ఉంటే కర్ణికల కంపం (గుండె పై గదులు క్రమం తప్పి వణకడం) అనుమానించాలి. ఒకరు స్టెతస్కోప్‌తో గుండె దగ్గర, ఇంకొకరు మణికట్టు దగ్గర నిండు నిమిషం ఒకేసారి లెక్కపెట్టండి. మణికట్టు లెక్క తక్కువ వస్తుంది. ఎడం బాగా తగ్గినప్పుడు గుండె నిండే వ్యవధి ఉండదు, ఆ కొట్టుకోలు చేతిదాకా రాదు. వేలికి పెట్టే ఆక్సీమీటరూ అక్కడే మోసపోతుంది. పట్టీ డాక్టరు గారికి చూపించాల్సిందే.

రాయగడ_ఈసీజీ: మెషిన్ అంకె గురించి ఒక మాట. టీ అల (ఆర్ తర్వాత వచ్చే అల) ఎత్తుగా ఉంటే దాన్నీ ఆర్ అనుకుని రేటు రెట్టింపు వేసేస్తుంది. ఈ ఉక్కలో చెమటకి ఎలక్ట్రోడు జారినా దొంగ మొనలు వస్తాయి. చర్మం పొడిగా తుడిచి మళ్లీ తీయండి. పట్టీలో పీ అలలు కనిపిస్తున్నాయా అక్కా?