మీటల ఫోన్లకు టీకా తేదీని చేరవేయడం ఎలా?

పసిపిల్లల తల్లులకు టీకా తేదీని రెండు రోజుల ముందు గుర్తుచేయడానికి మేము లాప్‌టాప్‌కు జీఎస్ఎమ్ మోడెమ్ (సిమ్ కార్డుతో సందేశాలు పంపే పరికరం) తగిలించి ఎస్సెమ్మెస్‌లు పంపుతున్నాము. చాలా ఇళ్లలో ఉన్నవి మీటల ఫోన్లే కావడంతో, కొన్నింటిలో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ గడులు కనిపిస్తున్నాయి.

ఇంగ్లిష్ అక్షరాలు 160 పట్టే సందేశంలో తెలుగుకు దక్కేవి 70 స్థానాలే. ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కకు వస్తాయి కనుక ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు స్థానాలు ఖర్చవుతాయి. సందేశాన్ని 70 లోపుకు కుదించినా గడులు పోలేదు. తెలుగు మాటలనే ఇంగ్లిష్ లిపిలో పంపితే, ఒక తల్లి ఫోన్ తెరిచి చూపిస్తూ, “ఇందులో 14 అన్న అంకె ఒక్కటే తెలిసిందండీ” అన్నారు. ఆ మాట విన్నాక ఆ పద్ధతిని మానేశాము.

ఇప్పుడు 40 సెకన్ల వాయిస్ రికార్డింగును సాయంత్రం 7 గంటలకు కాల్‌గా పంపుతున్నాము. ఎత్తినవారిలో ఎక్కువమంది ప్రకటన అనుకొని ఐదారు సెకన్లలోనే పెట్టేస్తున్నారు. నిడివిని 25 సెకన్లకు తగ్గించినా, వేళను ఉదయానికి మార్చినా తేడా రాలేదు.

ఇలాంటి కాల్స్ నడిపినవారు దయచేసి చెప్పండి: వినేవారు ఫోన్ పెట్టేయకుండా ఉండాలంటే మొదటి ఐదు సెకన్లలో ఎవరి గొంతుతో, ఏ మాట వినిపించాలి?