మోరిస్ మైనర్ 948 ఇంజిన్: పెట్టెలో దొరికిన స్పేర్లలో ఏవి పనికొస్తాయి?

మైనర్‌మోజు:
అందరికీ నమస్కారం. నాది మోరిస్ మైనర్ 1000. ఇంజిన్ ప్లేటు మీద నంబరు 9ఎమ్‌తో మొదలవుతోంది కాబట్టి 948 సీసీ అనుకుంటున్నా. పాత ఓనరు కారుతో పాటు ఒక చెక్క పెట్టె కూడా ఇచ్చేశారు. అందులో ఒక క్రాంక్ షాఫ్టు, రెండు హెడ్లు, నాలుగు పిస్టన్లు, క్యాపులు ఊడదీసి కలగాపులగంగా పడేసిన కనెక్టింగ్ రాడ్లు, ఒక డబ్బా నిండా టాపెట్లు ఉన్నాయి. పెట్టె మీద చాక్‌పీసుతో "948" అని రాసుంది, అంతకు మించి ఆధారం లేదు. హెడ్ల మీద పోతలో వచ్చిన నంబర్లు 12జి202, 12జి940. ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది కాబట్టి ఇంజిన్ ఎలాగూ విప్పాలి. వీటిలో నా ఇంజిన్‌కి సరిపోయేవేవి, మళ్ళీ వాడదగ్గవేవి?

థౌలెక్క:
ముందు ఆ చాక్‌పీసు రాతను, ఇంజిన్ ప్లేటును కూడా పక్కన పెట్టండి. ప్లేటు రివెట్లతో బిగించింది, బ్లాకు మారిస్తే పాత ప్లేటు దీని మీదకి తెచ్చి కొట్టేవాళ్ళు చాలామంది. హెడ్ తీశాక బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) కొలవండి. మైనర్లలో 803, 948, 1098 సీసీ ఇంజిన్లు వచ్చాయి; 62.9 మి.మీ.కి దగ్గర్లో ఉంటే 948, 64.6 ఉంటే 1098.

ఇక క్రాంకు. చదునైన బల్ల మీద ఒకే ఎత్తున్న రెండు వి-బ్లాకులు (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మెలు) పెట్టి, చివరి రెండు మెయిన్ జర్నల్స్ (బ్లాకులో బేరింగుల మీద తిరిగే గుండ్రటి భాగాలు) వాటి మీద ఆనేలా పడుకోబెట్టండి. ఒక క్రాంక్ పిన్ (కనెక్టింగ్ రాడ్డు తగులుకునే భాగం) పూర్తిగా పైకి వచ్చినప్పుడు బల్ల నుంచి దాని పైఅంచు ఎత్తు కొలవండి, సగం తిప్పి అదే పిన్ కిందికి వచ్చాక మళ్ళీ పైఅంచే కొలవండి. తేడాయే స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం. 76.2 అయితే 803 లేదా 948, 83.7 వస్తే 1098. మామూలు స్కేలుతో కొలిచినా తెలిసిపోయేంత తేడా. 803కీ 948కీ స్ట్రోకు ఒకటే గానీ పిన్ను లావు వేరు: 803ది 36.5 మి.మీ., 948ది 41.3. వెనక చివర ఫ్లైవీలుకి బోల్టుల ఫ్లాంజి కాకుండా టేపర్ ఉంటే అది మినీది, మీకు పనికిరాదు.

టాప్‌గేర్‌తాత:
ఇంత లెక్క ఎందుకు బాబూ, ఆ 12జి940 హెడ్ 1275 ఇంజిన్లలో వచ్చేది, పెద్ద వాల్వులు. దాన్నే ఎక్కించు, బండి ఎగిరిపోతుంది.

లేత్‌మాస్టారు:
తాతగారూ, ఎగిరేది బండి కాదు, వాల్వులు. ఆ హెడ్‌ని చిన్న బోరు బ్లాకు మీద ఉన్నదున్నట్టు బిగిస్తే ఎగ్జాస్ట్ వాల్వు దిగొచ్చి బ్లాకు అంచుకి కొట్టుకుంటుంది. బ్లాకులో గుంటలు మిల్లింగ్ చేసుకోవాలి, 948కి ఆ తిప్పలు దండగ. 12జి202 మాత్రం 1098 మైనర్ హెడ్డే, ఇన్‌లెట్ వాల్వులు కాస్త పెద్దవి, నేరుగా కూర్చుంటుంది. కాకపోతే ఈ హెడ్లు రెండు వాల్వు సీట్ల మధ్య సన్నగా పగులుతాయి, కార్బన్ కింద ఆ పగులు కంటికి కనపడదు. శుభ్రంగా కడిగి ఎర్ర డై పూసి, కాసేపాగి తుడిచేసి, తెల్ల డెవలపర్ స్ప్రే చేస్తే పగులు ఉన్నచోట వెంట్రుకంత ఎర్ర గీత పైకి తేలుతుంది. అది కనిపిస్తే ఆ హెడ్ మీద ఇంక డబ్బు పెట్టకండి.

రాడ్లకి క్యాపులు జత చేశాకే వాటి రంధ్రం బోరు చేస్తారు. రాడ్ మీదా క్యాపు మీదా కొట్టిన నంబర్లు చూసి జత కలపండి, జత దొరకని రాడ్డు తుక్కే. మెయిన్ బేరింగ్ క్యాపులూ అంతే, వాటికి ఆ బ్లాకుతోనే పెళ్ళి. టాపెట్లు ఏ క్యామ్ లోబ్ (వాటిని పైకి తోసే ఉబ్బు) మీద అరిగాయో తెలియకుండా డబ్బాలో కలిసిపోయాయంటే కొత్తవే కొనుక్కోండి, వాటికోసం క్యామ్‌ని పాడు చేసుకోవద్దు. పిస్టన్ల తల మీద ఏముంది?

మైనర్‌మోజు:
థాంక్సండీ. స్ట్రోకు 76 దగ్గర వచ్చింది, మైక్రోమీటరుతో పిన్నులు నాలుగూ 41.02. పిస్టన్ల మీద +040 అని ఉంది. నా బ్లాకు బోరు 62.95, పైభాగంలో కొంచెం మెట్టు తగులుతోంది.

థౌలెక్క:
క్రాంకు 948దే, పది థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) గ్రైండ్ చేసింది, 0.010 అంగుళం మెటల్స్ (బేరింగ్ షెల్స్) పడతాయి. ఆర్డర్ చేసే ముందు మెయిన్ జర్నల్స్ కూడా కొలవండి, అసలు సైజు 44.45. వాటిని వేరే సైజుకి గ్రైండ్ చేసి ఉండొచ్చు. గోరు తగిలేంత గీతలుంటే ఇంకో సైజు దింపాల్సిందే, 0.040 దాకా అవకాశం ఉంది.

పిస్టన్లు వాడాలంటే బ్లాకుని నలభై థౌకి రీబోరు చేయించాలి. అంతకుముందు కొత్త రింగు ఒకటి పిస్టన్ గాడిలో పెట్టి, మిగిలిన సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి బ్లేడ్లు) తోయండి, 0.1 మి.మీ. బ్లేడు సులువుగా దూరితే ఆ పిస్టన్లు వద్దు. ఆ మెట్టు, అంటే రింగులు అరగదీయని పైఅంచు, తీసేయడానికి ఇరవై థౌ చాలుతుందేమో లేత్ పనివాడితో చూపించి, ఆ సైజు పిస్టన్లే కొనడం నయం, బ్లాకుకి ఇంకో రీబోరు మిగులుతుంది.