ఎవరెస్ట్ బేస్ క్యాంప్ + చో లా + గోక్యో + రెంజో లా, 16 రోజుల్లో అయితదా? రూట్ చూసి చెప్పండి

కరీంనగర్_నడక

అందరికీ నమస్తే. అక్టోబర్ చివర్ల నలుగురం నేపాల్ ఖుంబు (ఎవరెస్ట్ కింది ప్రాంతం) పోదాం అనుకుంటున్నం, నేను, మా బామ్మర్ది, ఇద్దరు ఆఫీస్ దోస్తులు. ప్యాకేజీ కాదు, సొంతంగనే ప్లాన్ చేసుకుంటున్నం, బ్యాగులు మేమే మోస్తం, టెంట్ లేదు, లాడ్జిల్లనే పడుకుంటం. ఆఫీసుల 10 లీవులు దొరికినయ్, వెనకాముందు శని ఆదివారాలు కలిపితే 16 రోజులు.

ప్లాన్ ఇది. 1వ రోజు హైదరాబాద్ నుంచి కాఠ్మాండూ, 2 లుక్లా ఫ్లైట్ దిగి ఫాక్‌డింగ్, 3 నామ్చే, 4 తెంగ్‌బోచే, 5 దింగ్‌బోచే, 6 లోబుచే, 7 గోరక్‌షెప్ పోయి బ్యాగులు పడేసి బేస్ క్యాంప్ చూసి వాపస్, 8 పొద్దున కాలా పత్తర్ ఎక్కి జోంగ్లా, 9 చో లా (లా అంటే కొండల మధ్య పాస్) దాటి థంగ్‌నాక్, 10 గోక్యో, 11 గోక్యో రీ గుట్ట ఎక్కుడు, 12 రెంజో లా దాటి లుంగ్‌డెన్, 13 నామ్చే, 14 లుక్లా, 15 కాఠ్మాండూ, 16 ఇల్లు. లెక్క సరిగ్గ సరిపోయింది, రోజుకు పది పన్నెండు కిలోమీటర్లే కాబట్టి నడక పెద్ద కష్టం అనిపిస్తలేదు. రెండేండ్ల కింద హిమాచల్‌ల హంప్టా పాస్ చేసినం, ఎవ్వరికీ ఏం కాలేదు. మా బామ్మర్దికి మన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కిన దారి చూడాలని చిన్నప్పటి నుంచి కోరిక. ఈ రూట్ల తప్పులుంటే మొహమాటం లేకుండ చెప్పండి.

కృష్ణ_ఒడ్డు

బ్రదర్, ప్లాన్ చాలా శ్రద్ధగా రాశారు, కానీ మీరు కిలోమీటర్లు లెక్కేశారు, అక్కడ లెక్కేయాల్సింది రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నామన్నది. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ తర్వాతి రాత్రికీ 500 మీటర్లకి మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకి ఒకసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండాలి, ఇది ఎత్తు జబ్బు గురించి డాక్టర్లు చెప్పే మాట. ఇప్పుడు మీ ప్లాన్‌లో రాత్రులు చూడండి, నామ్చే 3,440, తెంగ్‌బోచే 3,860, దింగ్‌బోచే 4,410, లోబుచే 4,940, గోరక్‌షెప్ 5,160 దాకా. నామ్చే తర్వాత నాలుగే రాత్రుల్లో 1,700 మీటర్లు పైకి, మధ్యలో ఒక్క రోజు ఆగడం లేదు. హంప్టాలో ఏం కాలేదన్నారు, ఆ పాస్ ఎత్తు 4,270 మీటర్లు, దాన్ని దాటి అదే రోజు కిందకి దిగిపోతాం. ఇక్కడ దింగ్‌బోచేలో మీరు పడుకునే మంచమే దానికంటే పైన ఉంటుంది.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మేమూ ఇలాగే రోజులు కలిసొస్తాయని దింగ్‌బోచేలో ఆగకుండా లోబుచే వెళ్ళిపోయాం. నా ఫ్రెండ్‌కి మధ్యాహ్నం నుంచే తలనొప్పి, ఎవరికీ చెప్పలేదు, చెబితే అందరం ఆగాల్సి వస్తుందని. సాయంత్రం లాడ్జి బయట బెంచీ మీద కూర్చుని షూ లేసు కట్టుకుంటున్నాడు. ఒక లేసు ఈ చేత్తో, ఇంకోటి ఆ చేత్తో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు, ముడి ఎలా వేయాలో గుర్తు రావట్లేదు. లేపి నడిపిస్తే తాగినవాడిలా ఒక పక్కకి ఒరిగిపోతున్నాడు. పక్క టేబుల్ దగ్గరున్న షెర్పా గైడ్ ఒకాయన చూసి, తెల్లారేదాకా ఆగొద్దు ఇప్పుడే దింపండి అన్నాడు. హెడ్ ల్యాంపులు పెట్టుకుని, చెరో పక్కా పట్టుకుని, థుక్లా మీదుగా ఫెరిచే దాకా దింపాం. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ ఉంటుంది, ఆ రాత్రి ఆక్సిజన్ పెట్టారు, రెండో రోజుకి మనిషి మామూలయ్యాడు. మెదడు వాచినప్పుడు అలా అవుతుందని, రాత్రంతా పైనే ఉంచి ఉంటే బతకడం కష్టమని డాక్టర్ చెప్పారు. వాడు మా అందరికంటే ఫిట్, రోజూ పది కిలోమీటర్లు పరిగెత్తేవాడు. ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు.

నా సలహా, ఈసారికి బేస్ క్యాంప్ ఒక్కటే పెట్టుకోండి. నామ్చేలో రెండు రాత్రులు, దింగ్‌బోచేలో రెండు రాత్రులు. ఆగిన రోజు రూములో పడుకోవడం కాదు, నామ్చే నుంచి పైన ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా ఎక్కి మధ్యాహ్నానికి దిగిపోండి, దింగ్‌బోచేలో వెనకున్న నాగార్జున గుట్ట ఎక్కి దిగండి. అలా వేసుకుంటే 9వ రోజు బేస్ క్యాంప్, 10 పొద్దున కాలా పత్తర్ చూసి ఫెరిచేకి దిగడం, 11 నామ్చే, 12 లుక్లా, 13 కాఠ్మాండూ. ఇంకా రెండు రోజులు చేతిలో మిగులుతాయి. డయామాక్స్ (ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే మందు) గురించి ఇక్కడే డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడనివాళ్ళు మీలో ఉంటే ముందే చెప్పాలి.

పూర్ణ, ఆమెతో వెళ్ళిన ఆనంద్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది టిబెట్ వైపు నుంచి, ఈ దారి కాదు. మీ బామ్మర్దికి ముందే చెప్పండి, అక్కడికెళ్ళాక తెలిస్తే బాధపడతాడు.

సింహాచలం_మెట్లు

కృష్ణ గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో దారి చెప్తాను, నిరుడు మేం ముగ్గురు ఆడవాళ్ళం వెళ్ళింది ఇదే, గోక్యో + రెంజో లా. బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనపడదు అన్న సంగతి చాలామందికి తెలీదు, దాని కోసం కాలా పత్తర్ ఎక్కాల్సిందే. గోక్యో రీ (5,357 మీటర్లు) మీద నుంచి ఎవరెస్ట్, లోత్సే, మకాలు, చో ఓయు నాలుగూ కనిపిస్తాయి, కింద పచ్చని సరస్సు, పక్కనే గోజుంపా హిమానీనదం. దారిలో జనం కూడా బేస్ క్యాంప్ వైపు కంటే బాగా తక్కువ.

మా రోజులు ఇలా వేసుకున్నాం. నామ్చేలో రెండు రాత్రులు, తర్వాత ఫోర్త్సే థంగా 3,680. అందరూ అక్కడ ఆగకుండా ఒకేసారి డోలే (4,100 పైన) వెళ్ళిపోతారు, ఆ తప్పు చెయ్యకండి, ఆ వైపు లోయ చాలా తొందరగా ఎత్తు పెరిగిపోతుంది. ఆ తర్వాత డోలే, మచ్చెర్మో 4,470, గోక్యో 4,790 దగ్గర. గోక్యోలో రెండు రాత్రులు, 9వ రోజు పొద్దున్నే గోక్యో రీ, 10న రెంజో లా (5,360) దాటి లుంగ్‌డెన్, 11 థామే మీదుగా నామ్చే, 12 లుక్లా. వెళ్ళిన దారిలోనే తిరిగి రావక్కర్లేదు, పైగా ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే రెంజో లా మానేసి వచ్చిన దారినే దిగిపోవచ్చు. రూట్ వేసేటప్పుడు నేను మొదట చూసేది అదే, ఏ రోజు ఏ దారిన కిందకి దిగొచ్చు అని. మీ ప్లాన్‌లో చో లా, రెంజో లా రెండూ ఉన్నాయి కదా, జోంగ్లా దాటాక దిగడానికి కూడా ముందు పాస్ ఎక్కాలి, లేదా వెనక్కి రావాలి. చో లా దగ్గర మంచు గడ్డ మీద నడవాలి, షూకి కట్టే స్పైక్‌లు కావాలి, ఎండ ఎక్కితే రాళ్ళు జారతాయి కాబట్టి చీకటితో బయల్దేరాలి. మొదటిసారి గైడ్ లేకుండా అది వద్దు.

కరీంనగర్_నడక

అన్నా, అక్కా, చాలా థ్యాంక్స్. షూ లేసు సంగతి చదివి మా నలుగురి గ్రూపుల పెట్టిన, పొద్దటి నుంచి దాని మీదనే మాట్లాడుకుంటున్నం. కానీ ఒక్క డౌట్, ఆఖర్ల రెండు రోజులు ఉత్తగ పోతయ్ కదా, ఆ రెండు రోజులకు చో లా పెట్టుకుంటే అయితదేమో అని మా దోస్తు అడుగుతున్నడు.

నెల్లూరు_రెక్కలు

ఆ రెండు రోజులు ముట్టుకోబాకండి! లుక్లా రన్‌వే 527 మీటర్లే, ఒక చివర కొండ, ఇంకో చివర లోయ, మబ్బు పట్టిందంటే ఫ్లైట్లు ఎగరవు. మేం వచ్చేటప్పుడు రెండు రోజులు అక్కడే కూర్చున్నాం, రోజూ పొద్దున ఐదున్నరకి బ్యాగు సర్దుకోడం, పది దాకా ఆకాశం చూడ్డం, మళ్ళా లాడ్జికి పోవడం. హైదరాబాద్ టికెట్ పోయింది, కొత్తది కొన్నాం. ఇంకోటి, అక్టోబర్ సీజన్‌లో లుక్లా ఫ్లైట్లు ఎక్కువ కాఠ్మాండూ నుంచి కాదు, రామేఛాప్ నుంచి. అర్ధరాత్రి ఒంటి గంటకి జీపెక్కితే నాలుగైదు గంటల ఘాట్ రోడ్డు, ఆ తర్వాత ఇరవై నిమిషాల ఫ్లైట్. మీ 2వ రోజు నిద్ర లేకుండా మొదలవుతుంది, అది లెక్కలో వేసుకుని ఫాక్‌డింగ్ దాటి ముందుకు పోకండి.

లుక్లా ఫ్లైట్లో బ్యాగు మొత్తం కలిపి 15 కిలోలే. ఆధార్ చెల్లదు, ఇండియా నుంచి ఫ్లైట్లో నేపాల్ పోతే పాస్‌పోర్ట్ లేదా ఓటర్ కార్డు ఉండాలి. సాగర్‌మాథా పార్క్ ఎంట్రీ మనలాంటి సార్క్ దేశాల వాళ్ళకి 1,500 నేపాలీ రూపాయలు, దాని మీద వ్యాట్, పంచాయతీ ఫీజు వేరే. నామ్చే దాటితే ఏటీఎం నమ్ముకోవద్దు, క్యాష్ అక్కడే తీసుకోండి.

సింహాచలం_మెట్లు

మ్యాప్ సంగతి ఒక్కటి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దింపుకోండి, కానీ అది చూపించే టైమ్ నమ్మొద్దు, ఎక్కుడు దారిలో 4,000 పైన గంటకి కిలోమీటరు నడిస్తే గొప్ప. నేను ప్రతి రోజుకీ ఒక చిన్న కాగితం రాసుకున్నాను, పడుకునే ఎత్తు, దారిలో లాడ్జిలు ఎక్కడెక్కడ, మధ్యాహ్నం ఎన్నింటికి ఎక్కడిదాకా చేరకపోతే ఆగిపోవాలి. చలికి ఫోన్ ఆగిపోయిన రోజు ఆ కాగితమే చూసుకున్నాం. ఆ రాత్రి నుంచి ఫోన్ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకున్నాను.

ప్రాక్టీస్‌కి బ్యాగులో పది కిలోలు వేసుకుని అలిపిరి మెట్లు 3,550 ఎక్కి, నడిచే దిగండి. మోకాళ్ళ సంగతి దిగేటప్పుడు తెలుస్తుంది.

కరీంనగర్_నడక

అయిపోయింది, చో లా తీసేసినం. రాత్రి నలుగురం కూసొని అక్క చెప్పిన గోక్యో రూట్ రాసుకున్నం, నామ్చేల రెండు రాత్రులు, ఫోర్త్సే థంగాల ఆగుడు, 14, 15 ఖాళీ. ఎవరికి తల నొచ్చినా దాచొద్దు, చెప్పినోని కోసం అందరం ఆగాలె అని ముందే మాట అనుకున్నం. మా బామ్మర్ది టిబెట్ సంగతి విని కొద్దిగ చిన్నబోయిండు, గోక్యో రీ మీద నుంచి ఎవరెస్ట్ కనిపిస్తది అని చెప్పిన. వచ్చే ఆదివారం పొద్దుగాల భువనగిరి గుట్ట, పై నెల తిరుపతి. రెంజో లా రోజు ఎన్నింటికి బయల్దేరిన్రు అక్కా?

సింహాచలం_మెట్లు

నాలుగున్నరకి. సరస్సు ఒడ్డున కొంత దూరం చదునే, చీకట్లో ఇబ్బంది ఉండదు, ఎక్కుడు మొదలయ్యేసరికి తెల్లారుతుంది. ముందు రోజు రాత్రే లాడ్జిలో చపాతీ, ఉడికించిన గుడ్లు చెప్పి పెట్టుకోండి, లుంగ్‌డెన్ దాకా దారిలో తినడానికి ఏమీ దొరకదు.