నాలుగు నిమిషాల ఫొటోలో కదలని ఎర్రచుక్కలు

ప్రశ్న: ఈ ఏప్రిల్‌లో గండికోట వెళ్లి రాత్రి ఆకాశాన్ని ఫొటోలు తీశాను. ట్రైపాడ్ మీద కెమెరా, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 800, ఒక్కోదానికి 4 నిమిషాలు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూస్తే ఆకాశంలోనూ, కోట గోడ నీడలోనూ ఎరుపు, నీలం, ఆకుపచ్చ చుక్కలు. పగటి ఫొటోల్లో ఒక్కటీ లేదు. బాగుచేసే దుకాణంలో చూపిస్తే సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్) మార్చాలన్నారు. నిజమేనా అండి?

జవాబు: డబ్బు కట్టకండి. గోడ మీద కూడా చుక్కలున్నాయన్నారు, సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం ఆకాశంలో చూడండి. నక్షత్రాలు గంటకు 15 డిగ్రీలు జరుగుతాయి, అంటే 4 నిమిషాలకు ఒక డిగ్రీ. ప్రతిదీ చిన్న గీతగా పడాలి. గీత కాకుండా చుక్కగా నిలిచింది సెన్సర్‌ది. ధ్రువ నక్షత్రం ఒక్కటే ఇంచుమించు కదలదు, కానీ అది అచ్చమైన ఎరుపులో మెరవదు!

వీటిని హాట్ పిక్సెల్స్ అంటారు. వెలుతురు పడకపోయినా సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్‌లో (వెలుతురు పట్టే చిన్న గడిలో) కొంత విద్యుదావేశం ఊరుతూ ఉంటుంది, కొన్నింటిలో ఆ ఊట ఎక్కువ. పగటి ఫొటోలో సెకనులో వందో వంతులో అది పైకి తేలదు, 240 సెకన్లలో నిండిపోతుంది. వేడి సుమారు 6 నుంచి 8 డిగ్రీలు పెరిగితే ఊట రెట్టింపవుతుంది. కడప జిల్లా ఏప్రిల్ సంగతి నేను చెప్పాలా? ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు వడపోత ఉంటుంది కాబట్టే ఈ రంగులు.

లెన్స్‌కు మూత పెట్టి, వ్యూఫైండర్‌పై నల్లగుడ్డ కప్పి, నాయిస్ రిడక్షన్ (ఇలాంటి చుక్కలను కెమెరాయే తీసేసే సదుపాయం) ఆపి, రా ఫైళ్లుగా (కెమెరా దిద్దకుండా దాచే రూపంలో) 1/100 సెకను, 30 సెకన్లు, ఆపై 4 నిమిషాలవి రెండు తీయండి. రెండింటిలోనూ ఒకే చోట ఉంటే హాట్ పిక్సెల్. 1/100లో కూడా వెలిగితే ఇరుక్కుపోయిన పిక్సెల్.

ప్రశ్న: చేశాను. 1/100లో ఏమీ లేవు, 30 సెకన్లలో పదో పన్నెండో, 4 నిమిషాల రెండింటిలోనూ చుక్కలు అవే చోట్ల. అయితే ఒక మూలన ఊదారంగు వెలుగు కూడా ఉంది.

జవాబు: గుడ్డ కప్పినా, రెండింటిలోనూ అదే మూలన, అదే ఆకారంలో ఉంటే సెన్సర్ పక్కనున్న సర్క్యూట్ల పని. చీకటి గదిలో తీసినప్పుడు పోతే ఎక్కడో వెలుతురు దూరుతోందన్నమాట.

మరొకరు: లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ పెట్టుకుంటే సరిపోతుంది కదా? తొలిసారి పెట్టినప్పుడు 4 నిమిషాలయ్యాక కెమెరా ఇంకో 4 నిమిషాలు కదలలేదు, పాడైందనుకుని బ్యాటరీ లాగేశాను!

జవాబు: ఆ రెండో 4 నిమిషాల్లో అది షట్టర్ మూసి చీకటి ఫొటో తీసుకుని, మొదటిదాంట్లోంచి తీసివేస్తుంది. ఒక్క ఫొటోకు బాగుంటుంది. వరుసగా తీసి నక్షత్రాల గీతలు కలపాలంటే మధ్యలో ఖాళీలు పడతాయి. అప్పుడు దాన్ని ఆపేసి, చివర్లో అక్కడే మూత పెట్టి, అదే ఐఎస్ఓ, అదే సమయంతో అయిదారు తీసుకోండి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తీసివేయవచ్చు. ఇంటికొచ్చి ఏసీ గదిలో తీస్తే సెన్సర్ వేడి అక్కడి వేడితో సరిపోలదు, చుక్కలు సగం మిగిలిపోతాయి.