అప్‌డేట్: నాన్న మాత్రలు 11 నుంచి 6కి తగ్గాయి

రెండు నెలల కిందట ఇక్కడ అడిగాను: డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న మా నాన్నగారు హైదరాబాద్‌లో ఒక కేర్ హోమ్‌లో చేరాక పగలంతా మగతగా పడి ఉంటున్నారు, ఇది జబ్బు ముదరడమేనా అని. మందుల చీటీలన్నీ పట్టుకుని వృద్ధుల వైద్య నిపుణుణ్ణి కలవమన్నారు. కలిశాను.

ముగ్గురు డాక్టర్లు రాసిన మందుల్ని ఎవరూ కలిపి చూడలేదు. రాత్రిళ్లు లేచి తిరుగుతున్నారని క్వెటియాపిన్ (మానసిక జబ్బులకు వాడే మందు), దానిమీద లోరాజెపామ్ (మత్తు కలిగించే మాత్ర). ఎప్పుడో జలుబుకిచ్చిన క్లోర్‌ఫెనిరమిన్ ఇంకా నడుస్తోంది! అది మతిమరుపును మరింత పెంచగలదట. డిమెన్షియా ఉన్న వృద్ధులకు క్వెటియాపిన్ లాంటి మందులు మరణం ముప్పు పెంచుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. మాకు ఒక్క మాట చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

లోరాజెపామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు కాబట్టి, డాక్టరుగారి పర్యవేక్షణలో ఆరు వారాలు కొంచెం కొంచెంగా తగ్గించాం. బీపీ, షుగర్ మందులు ముట్టుకోలేదు. మొదటి పది రోజులు నరకం. నిద్ర లేదు, అరుపులు. మళ్లీ మొదలుపెడదామని హోమ్ నుంచి ఫోన్లు. రాత్రిపూట అంతమందికి ఒక్క ఆయమ్మే, ఆమెను తప్పుపట్టలేను.

మొన్న ఆదివారం వెళ్తే కుర్చీలో కూర్చుని పేపరు తిరగేస్తున్నారు. నా పేరు గుర్తు రాలేదు. కానీ "కాఫీ తాగావామ్మా?" అని అడిగారు.

ఇకపై మత్తు మందు ఏదైనా మాకు చెప్పాకే ఇస్తామని హోమ్‌వాళ్లు రాసిచ్చారు.